తప్పు దొరికినందుకు

"దీన్ని ఇంతకుముందు రిపేరు చేసినోడెవడో గాని, వానికి దూరం నుంచే ఒక దండం!"

రిక్షా దిగీ దిగకముందే ఆ అమ్మాయి నోట వచ్చిన మొదటి మాట అది. షాపులో కూర్చున్న గాబ్రియేలు తలెత్తి చూశాడు. చూసినవాడు చూసినట్టే ఉండిపోయి, చేతిలోని సోల్డరింగ్ కడ్డీని ఎక్కడ పెడుతున్నాడో చూసుకోకుండా పెట్టేశాడు.

"కాలుతున్నది!" అందామె.

"ఏంది?"

"రేడియో! మీ రేడియో కాలుతున్నది!"

పోస్టుమాస్టరుగారి రేడియో మూత మూలనుంచి సన్నగా పొగ లేస్తోంది. గాబ్రియేలు గభాలున కడ్డీ తీసి, మూతను చొక్కా అంచుతో తుడిచి, ఏమీ జరగనట్టు నిలబడ్డాడు. ఆ అమ్మాయి నవ్వాపుకోవడానికి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పరిచయం మొదలయ్యేందుకు ఇంతకంటే మంచి దారులు లోకంలో బోలెడున్నాయి. మనవాడికి దొరికింది ఇదే, ఏం చేస్తాం!

అది అరవై ఎనిమిదో సంవత్సరం. మెదక్ బజారులో వాల్వు రేడియోలు బాగుచేసే షాపు గాబ్రియేలుదే. రిక్షా గాలయ్య మోసుకొచ్చి బల్లమీద దించిన పెట్టె మాత్రం రేడియో కాదు, గిటారు ఆంప్లిఫయరు. దానితోపాటు ఇంకో చిన్న పెట్టె, ఎకో పెట్టె.

"నా పేరు ఎలిశిబా. ఆడపిల్లల బడిల మ్యూజిక్ టీచర్ని," అందామె. "మాకు గిటారు నేర్పిన దొరసానమ్మ వాళ్ల దేశం పోతా పోతా ఇవన్నీ నాకిచ్చిపోయింది. ఇప్పుడు దీనికి దయ్యం పట్టింది."

"దయ్యమా?"

"వినుండ్రి మీరే."

గిటారు తీసి ఒక తీగ మీటింది. ఆ శబ్దం ఆంప్లిఫయరులోంచి పెద్దదై వచ్చింది. దాని వెనకే సన్నగా, అదే శబ్దం మళ్లీ, మళ్లీ.

"ఎకో నాబు తిప్పి ఉంటది," అన్నాడు గాబ్రియేలు.

"సున్నా మీదున్నది, సూడుండ్రి!"

నిజమే, సున్నా మీదే ఉంది. ఆంప్లిఫయరు వెనక రెండు సాకెట్లున్నాయి. ఒకదానిలోంచి పాట ఎకో పెట్టెలోకి పోతుంది. అక్కడ చిన్న టేపు మీద తిరిగి, ప్రతిధ్వనిగా మారి, రెండో సాకెట్లోంచి వెనక్కి వస్తుంది. వచ్చినదాన్ని ఎంత వినిపించాలో ముందున్న నాబు చెప్పాలి. నాబు వద్దంటున్నా ప్రతిధ్వని దొంగదారిన దూరి వస్తోంది.

"ఎకో పెట్టె వైరు పీకేస్తే అయిపాయె గద టీచరమ్మా?"

"గంత తెలివి నాకు లేదనుకున్నరా? పాట మధ్యల వాయించేటప్పుడు ఎకో కావాలె. చరణం పాడేటప్పుడు వద్దు. చరణంల గూడ వస్తే పాడేటోళ్లు దాన్ని విని ఎనకబడ్తున్నరు. జయానందం సారుకు గదే కోపం."

జయానందం సారంటే చర్చి గుడిలో పాటల బృందాన్ని నడిపే క్వయర్ మాస్టరు. హార్మోనియం తప్ప మిగిలినవన్నీ సినిమా వాయిద్యాలని ఆయన నమ్మకం. ఈ ఆదివారం కోత పండుగకి, పందిట్లో జరిగే ఆరాధనలో, ఒక్కసారికి గిటారు వాయించుకొమ్మన్నాడు. దయ్యం చప్పుడు వచ్చిందంటే మాత్రం ఇక గిటారు మాట ఎత్తొద్దన్నాడు.

"ఎత్తకపోతే ఏమైతది?" అని అడిగాడు గాబ్రియేలు.

"బెంగుళూరుల ఒక స్కూలోళ్లు గిటారు నేర్ప రమ్మని ఉత్తరం రాసిండ్రు. సోమవారం లోపల జవాబియ్యాలె. ఈడ నా గిటారుకు చోటు లేదన్నంక ఈడ ఉండి ఏం జేయాలె? పోతా."

ఆమె పేరు తెలిసి ఐదు నిమిషాలు కాలేదు, అప్పుడే గాబ్రియేలు గుండె గుభేలుమంది. ఆదివారం గిటారు శుభ్రంగా పలకాలి. పలకకపోతే ఈ పిల్ల బెంగుళూరు బండెక్కుతుంది. అంతే లెక్క.

వెనక మూత మరలు విప్పి లోపలికి చూశాడు. చూడగానే చెవులు వేడెక్కాయి.

లోపల వైర్లన్నీ మైనం పూసిన దారంతో చక్కగా కట్టి ఉన్నాయి. అంగుళానికొక ముడి. ఆ ముళ్లు ఎవరివో గాబ్రియేలుకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పట్నంలో అతనికి పని నేర్పిన ఉస్తాదు ఎప్పుడూ ఒకటే మాట అనేవాడు, "బేటా, వైర్లు చూస్తే ఆడపిల్ల జడ లెక్క ఉండాలె." కిందటేడు దొరసానమ్మ డ్రైవరు ఈ పెట్టెను వాల్వు మార్చమని తెచ్చినప్పుడు, వాల్వు మార్చి, చిందరవందరగా ఉన్న వైర్లు చూసి మనసొప్పక, ఓపిగ్గా జడ అల్లి పంపాడు.

"ఏమైంది? అట్ల సూస్తున్నరు?" అంది ఎలిశిబా.

"ఏం లే. ఎవరో మంచిగ కట్టిండ్రు."

"ఎవరు కట్టిండ్రో తెలుస్తదా?"

"పట్నంల ఎవడో కట్టి ఉంటడు," అన్నాడు గాబ్రియేలు. పుట్టి బుద్ధెరిగాక ఇంత సులువుగా అబద్ధమాడటం అదే మొదటిసారి.

మంగళవారం సాయంత్రం, బడి వదిలాక ఎలిశిబా వచ్చింది. వైర్లు మార్చి చూశారు. పోలేదు. సాకెట్లు తుడిచి చూశారు. పోలేదు. వాల్వులు ఒక్కొక్కటే మార్చారు. దయ్యం కదల్లేదు.

బుధవారం గాబ్రియేలు సన్నటి వెదురుపుల్ల చేతపట్టాడు. మిషన్ నడుస్తుండగానే ఆ పుల్లతో ఒక్కో వైరునీ అటూ ఇటూ కదిపి, ఏది కదిపితే శబ్దం మారుతుందో వినాలి. ఎడమ చెయ్యి మాత్రం ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు.

"ఆ చెయ్యి జేబుల ఎందుకు? స్టైలా?" అంది ఎలిశిబా.

"స్టైల్ గాదు. లోపల మూడు వందల ఓల్టులున్నయి. రెండు చేతులు పెట్టి ముట్టుకుంటే కరెంటు గుండెకెళ్లి పోతది."

"ఒక్క చెయ్యి పెడితే?"

"గుండె బతుకుతది."

"గట్లనా! అయితే జేబులనే పెట్టుకోండ్రి. గుండె పైలం."

"ఇగ లాభం లేదు టీచరమ్మా," అని అతను నోట్లోనే గొణుక్కున్నాడు.

"ఏమన్నరు?"

"తీగె మీటుండ్రి అన్న. ఒక్కటే తీగె, మళ్ల మళ్ల."

ఆమె తలవంచుకుని మీటుతోంది. గాబ్రియేలు పుల్లను తన జడలోకే దూర్చి రెండు వైర్లను విడదీశాడు. దయ్యం చటుక్కున మాయమైంది. వదిలాడు. మళ్లీ వచ్చింది. విడదీశాడు, పోయింది.

దొరికింది! ఎకో పెట్టెనుంచి వచ్చే వైరూ, నాబు దాటాక వాల్వుకు పోయే వైరూ, ఈ రెండింటినీ ఒకే జడలో పక్కపక్కన బిగించి కట్టేశాడు. నాబుదాకా పోవాల్సిన పని లేకుండా, శబ్దం ఈ వైరులోంచి ఆ వైరులోకి దూకేస్తోంది. ముట్టుకోనైనా ముట్టుకోవు, పక్కన ఉంటే చాలు. తను అంత ముచ్చటపడి వేసిన ముడే ఈ పిల్లని బెంగుళూరుకి తోలబోయింది.

దొరికిందని అరవాలి. నోరు తెరిచాడు కూడా. తెరిచాక బుర్ర పనిచేసింది. చెబితే ముడి వేసిందెవరో చెప్పాలి. అది ఒకటి. రెండోది, రేపటికల్లా ఈ పెట్టె రిక్షా ఎక్కుతుంది. పెట్టెతోపాటు ఆమె కూడా పోతుంది. ఇక ఏ వంకన వస్తుంది?

"దొరకలే," అన్నాడు. "రేపు సూద్దం."

"సరే, రేపొస్త," అంది ఎలిశిబా తల ఎత్తకుండానే.

అబద్ధమాడాడు కాని, మనసు ఊరుకోనిస్తుందా? గురువారం పొద్దున్నే షాపు తెరిచి, జడ మొత్తం విప్పేశాడు. ఒక వైరును పెట్టె ఈ గోడకీ, రెండోదాన్ని ఆ గోడకీ పంపాడు. వాల్వుకు పోయే వైరుకి జాలీ తొడుగున్న కొత్తది వేసి, తొడుగును ఒకవైపు ఎర్తుకి కలిపాడు. అందవికారంగా ఉంది. ఉస్తాదు చూస్తే చెవి మెలిపెట్టేవాడు. కాని నాబు సున్నా మీద పెడితే చీమ చిటుక్కుమన్నంత ప్రతిధ్వని కూడా లేదు.

ఇక ఈరోజు వచ్చి వింటుంది, సంబరపడుతుంది, తీసుకుపోతుంది. సరే, అంతవరకే ప్రాప్తం అనుకున్నాడు.

సాయంత్రం ఎలిశిబా వచ్చింది, తీగ మీటింది, తల పక్కకి వాల్చి విన్నది.

"జర... ఇంకా ఉన్నట్టున్నది," అంది.

గాబ్రియేలు తన చెవులను తానే నమ్మలేకపోయాడు. సంగీతం వచ్చినవాళ్ల చెవులకి కూడా లేని దయ్యాలు వినిపిస్తాయన్నమాట! దేవా, నీకు స్తోత్రం!

"అవునవును! నాకు గూడ గట్లనే అనిపిస్తున్నది. మస్తు సన్నగ ఉన్నది గాని ఉన్నది."

అంతలో వాన దిగింది. షాపు మీద రేకుల కప్పు. ఆ చప్పుడులో గిటారూ లేదు, దయ్యమూ లేదు. ఇక పరీక్ష చేయడం కుదరదు, తడుస్తూ ఇంటికి పోవడమూ కుదరదు. వానకి కూడా మనవాడి మీద దయ కలిగిందనుకోవాలి.

"బెంగుళూరుల గూడ గిట్లనే వాన పడ్తదా?" గట్టిగా అరిచి అడిగాడు.

"ఏమో! ఎప్పటికి సల్లగుంటదట!" ఆమె కూడా అరిచింది.

"సల్లగుంటే జలుబు చేస్తది!"

ఎలిశిబా పకపకా నవ్వింది. "మరి మెదక్‌ల ఏమున్నది, ఉండనీకి?"

"ఖిల్లా ఉన్నది. చెర్లున్నయి. వాల్వులు దొరికే షాపున్నది."

"షాపు మీదే గద!"

"అవు, నాదే!"

చెప్పాలనుకున్నది ఇంకా ఉంది. కాని సరిగ్గా అప్పుడే వాన టక్కున ఆగిపోయింది. నిశ్శబ్దంలో అరిచి చెప్పే మాటలు కావవి.

శుక్రవారం కూడా "కొంచెం ఉన్నట్టున్నది" అంది. శనివారం ఇక గాబ్రియేలుకి భయమేసింది. తెల్లారితే పండుగ. "అయిపోయింది టీచరమ్మా, ఇగ మంచిగున్నది," అని మూత బిగించాడు.

"మీరు లేకపోతే నా పని ఆగమైతుండె," అంది ఎలిశిబా. ఈసారి ఎగతాళి లేదు, కళ్లల్లో నీళ్ల మెరుపు ఉంది. "ఐదు దినాలు నా కోసం ఇంత కష్టపడ్డరు. నేను మర్చిపోను."

ఆ మాట గాబ్రియేలుకి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. చెడగొట్టింది తను. కృతజ్ఞతలు కూడా తనకే!

మెదక్ గుళ్లో ఒక పద్ధతి ఉంది. ఎవరికి ఏ మేలు జరిగినా, దేవునికి ఒక కానుక తెచ్చి దానితో ఒక చీటీ ఇస్తారు. బర్రె ఈనినందుకు, జ్వరం తగ్గినందుకు, మెట్రిక్ పాసైనందుకు. పాస్టరుగారిని అందరూ అయ్యగారంటారు. ఆ అయ్యగారు చీటీలన్నీ సభలో పైకి చదువుతారు. గాబ్రియేలు బాగా ఆలోచించాడు. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేదు. చీటీ రాస్తే దేవునికి కృతజ్ఞత చెప్పినట్టూ ఉంటుంది, ముడి వేసింది తనేనని ఎలిశిబాకి ఒక్కదానికే అర్థమయ్యేట్టూ ఉంటుంది. పెద్ద గుమ్మడికాయ ఒకటి తెచ్చి, దానిమీద చీటీ అంటించాడు.

ఆదివారం పందిరి కిటకిటలాడింది. వేదిక ముందు వరికంకులు, కోళ్లు, సొరకాయలు, గుమ్మడికాయలు. ఎలిశిబా గిటారు మీటింది. చరణానికి తేటగా పలికింది. చరణం అయ్యాక నాబు తిప్పితే, పందిరంతా ప్రతిధ్వని అలలు అలలుగా సాగింది. మళ్లీ చరణం, మళ్లీ తేట. ఒక్కరు కూడా వెనకబడలేదు. జయానందం సారు కళ్లు మూసుకుని తల ఊపాడు. పాట అయ్యాక, "వచ్చే పండుగకు గూడ వాయించు బిడ్డా," అన్నాడు. గాబ్రియేలుకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆమె ఉంటుంది! ఎక్కడికీ పోదు!

అయ్యగారు చీటీలు చదవడం మొదలుపెట్టారు. టేక్మాల్‌లో ఒకరికి మనవడు పుట్టినందుకు. ఒకరికి కాలు విరిగి అతికినందుకు. తర్వాత గుమ్మడికాయ మీది చీటీ తీసి, కళ్లద్దాలు సర్దుకుని, గంభీరంగా చదివారు:

"ఎలిశిబా టీచరుగారు దగ్గర కూర్చుండగా నా తప్పు నాకు దొరికినందుకు కృతజ్ఞతగా. గాబ్రియేలు."

పందిట్లో కోళ్లు తప్ప ఎవరూ చప్పుడు చేయలేదు.

రాసేటప్పుడు గాబ్రియేలు మనసులో ఉన్నది మిషన్ తప్పు. చీటీలో మిషన్ మాట రాయడం మర్చిపోయాడు. గుడిలో తప్పు అన్నాక, అది వైర్ల తప్పని ఎవరనుకుంటారు? వెనక వరుసలో ఒకామె "యేసయ్యా!" అని నోరు నొక్కుకుంది. పక్కనున్న ముసలాయన గాబ్రియేలు భుజం తట్టి, "ఒప్పుకున్నవు గద కొడుకా, దేవుడు క్షమిస్తడు," అన్నాడు. జయానందం సారు హార్మోనియం మూత టపీమని మూశాడు. ఎలిశిబా ముఖం కొంగులో దాచుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోంది అనుకుని గాబ్రియేలు ప్రాణం చచ్చిపోయింది. గిటారును గెలిపించి, తన చేతులారా ఆమె పరువును పందిట్లో పడేశాడు. ఇక ఆమె ఏ ముఖంతో ఈ ఊళ్లో ఉంటుంది? బెంగుళూరుకి తనే టికెట్టు తీసిచ్చినట్టయింది.

సభ ముగియగానే ఒక ముసలమ్మ కర్ర తాటించుకుంటూ వచ్చి అతని ముందు నిలబడింది. ఎలిశిబా నాయనమ్మ యేసమ్మ. ముప్పై ఏళ్లు బైబిలు చేతపట్టుకుని ఊరూరా నడిచి వాక్యం చెప్పిన మనిషి.

"కుల్చారం కృపాదానం కొడుకువు గదరా నువ్వు? నడువు ఇంటికి."

ఇంట్లో పీట చూపించి కూర్చోబెట్టింది. ఎలిశిబా తలుపు దగ్గర నిలబడింది, తల పైకెత్తడం లేదు.

"చెప్పు. ఏం తప్పు?"

"మిషన్ల తప్పు అవ్వా! ప్రమాణంగ మిషన్ల తప్పే!" గాబ్రియేలు గడగడా అప్పజెప్పేశాడు. రెండు వైర్లు, ఒక జడ, ముట్టుకోకుండానే దూకే శబ్దం, ఆ జడ అల్లింది తనే అని, పట్నపోడు కట్టిండని అబద్ధమాడానని, అన్నీ చెప్పాడు.

యేసమ్మ సాంతం విన్నది. "సరే. ఆ వైరు తప్పు ఎన్నడు దొరికింది?"

"బుధవారం."

"బాగు చేసింది?"

"గురువారం పొద్దుగాల."

"మరి శనివారం దాక నా మనవరాలిని ఎందుకు తిప్పినవ్?"

గాబ్రియేలు చెయ్యి తనకు తెలియకుండానే భుజం మీదికి పోయింది.

"గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టున్నది నీ వ్యవహారం. చెప్పు పిలగా, దేవుడు వింటున్నడు."

ముప్పై ఏళ్లు ఊళ్లను ఒప్పించిన మనిషి ముందు గాబ్రియేలు ఎంత? "టీచరమ్మ వస్తదని అవ్వా," అన్నాడు, తల దించుకుని. "బాగైందంటే రాదు గద. రోజు పొద్దున లేస్తే సాయంత్రం ఎప్పుడైతదా అని ఉంటుండె. నాకు టీచరమ్మ అంటే మస్తు ఇష్టం. గంతే. ఇదే అసలు తప్పు. బెంగుళూరు పోయినా సరే, నన్ను తిట్టి పోతే బాగుండు, మనసుల పెట్టుకుని పోవద్దు."

తలుపు దగ్గర చప్పుడైంది. ఎలిశిబా ముఖం మీది కొంగు తీసింది. ఏడ్చిన ముఖం కాదది. పందిట్లోనుంచి ఇప్పటిదాకా నవ్వాపుకోలేక ఎర్రబడ్డ ముఖం.

"నాయనమ్మా, నాదిగూడ ఒక తప్పున్నది," అంది. "బుధవారం పుల్లతోని కదిపినప్పుడే నాకు అనుమానమొచ్చింది, గురువారం తీగె మీటంగనే తెలిసింది. సప్పుడు సాఫ్ అయింది. ఒక్క పిసరు గూడ లేదు."

గాబ్రియేలు నోరు తెరుచుకుంది. "మరి... ఇంకా ఉన్నట్టున్నది అన్నరు?"

"అన్న."

"శుక్రవారం గూడ అన్నరు!"

"గప్పుడు గూడ అన్న. మీరు 'అవునవును, నాకు గూడ గట్లనే అనిపిస్తున్నది' అన్నరు గద. లేనిది మీకెట్ల వినిపించిందని నేను ఇంటికొచ్చి ఎంత నవ్విన్నో నాయనమ్మని అడుగుండ్రి!"

యేసమ్మ కర్ర పక్కనపెట్టి, "అదా నీ నవ్వు! పిచ్చి లేసిందేమో అనుకుంటి," అంది.

"మరి బెంగుళూరు?" అన్నాడు గాబ్రియేలు. "రేపు జవాబియ్యాలె గద."

"శుక్రవారమే పోస్టు చేసిన. రానని."

"శుక్రవారమా? గిటారు సంగతి ఆదివారం దాక తెల్వదు గద!"

"తెల్వదు," అంది ఎలిశిబా. ఈసారి నవ్వలేదు, నేరుగా అతని కళ్లలోకి చూసింది. "గిటారుకు చోటు దొరుకుతదో లేదో తెల్వకపోయె. నాకు దొరికింది గద."

గాబ్రియేలు కళ్లు నిండిపోయాయి.

"పొద్దుగాల సభల చదివించిన తప్పు రేపటికల్లా రెక్కలొచ్చి ఊరంతా తిరుగుతది," అంది యేసమ్మ లేస్తూ. "వచ్చే ఆదివారం లోపల మీ నాయనని తోల్కరా. మంచి మాట, పెండ్లి మాట గూడ అయ్యగారితోనే చదివిద్దం. ఇగ రాండ్రి, ప్రార్థన చేద్దం."

ఇద్దరి తలల మీదా చెరొక చెయ్యి పెట్టింది.

"ప్రభువా, నీకు వందనాలు. వైర్లు విడదీసి మనుషులను కలిపినవు, నీకు వందనాలు. ఈ పిలగానికి అబద్ధమాడుడు సక్కగ రాదు, దానికి గూడ నీకు వందనాలు..."

గాబ్రియేలు ఒక కన్ను కొంచెం తెరిచి పక్కకి చూశాడు. ఎలిశిబా కూడా ఒక కన్ను తెరిచి అతన్నే చూస్తోంది.

"కండ్లు మూసుకోండ్రి ఇద్దరు," అంది యేసమ్మ, తన కళ్లు తెరవకుండానే. "ఇంకా అయిపోలే. వందనాలు చెప్పేటియి మస్తున్నయి."